ఎండు నేరేడు నుంచి రంగు తీసే పద్ధతి

నేరేడు పండ్లు తిని, నాలుక బయటపెట్టి అద్దంలో చూసుకోని పిల్లలు మన ఊళ్లలో ఉండరు. చొక్కా మీద చుక్క పడితే ఇంట్లో తిట్లు తప్పవు. ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని ఆ ఊదా రంగును చెడిపోకుండా సీసాలోకి ఎలా దించుకోవాలో ఇక్కడ చెబుతాను. షర్బత్‌కి, చైనాగ్రాస్ జెల్లీకి, పిల్లల పుట్టినరోజు స్వీట్లకి వాడుకోవచ్చు. స్కూలు సైన్స్ ప్రాజెక్టుకైతే ఇంతకంటే మంచి అంశం నాకు తెలియదు.

తాజా పండు దొరికేది ఎండాకాలం చివర, తొలకరి రోజుల్లో కొన్ని వారాలే. అందుకే ఎండబెట్టుకోవాలి. ఎండబెట్టడంలో ఇంకో లాభం కూడా ఉంది. పచ్చి గుజ్జులో ఎక్కువ భాగం నీరే కాబట్టి దాన్నుంచి వచ్చే రసం పలుచగా ఉంటుంది. ఎండిన ముక్కల నుంచి చిక్కటి రంగు వస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు.

ఆ రంగు ఏమిటో ముందు రెండు మాటల్లో తెలుసుకోండి, తర్వాత చేసే ప్రతి పనికీ కారణం అందులోనే ఉంది. నేరేడులో ఉండేవి ఆంథోసయనిన్లు. వాటిలో డెల్ఫినిడిన్, పెటునిడిన్, మాల్విడిన్ అనే మూడు రకాలు ముఖ్యమైనవి. ఇవి నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. పులుపు ఉంటే ఎర్రగా, స్థిరంగా ఉంటాయి. వేడి, వెలుతురు, గాలి, ఇనుము తగిలితే పాడవుతాయి. యాంటీఆక్సిడెంట్లు అని మనం అనేవాటిలో ఇవీ ఉన్నాయి. అంటే నేరేడులో రంగు, యాంటీఆక్సిడెంటు చాలావరకు ఒకే పదార్థం. ఎర్రదనం తగ్గి గోధుమ రంగు కనిపించిందంటే మీకు కావలసినది చేజారుతున్నట్టే. ప్రతి మెట్టులోనూ రంగు చూస్తూ ఉండండి, మనింట్లో ఉన్న కొలత పరికరం అదొక్కటే.

పండు ఎంపిక, ఎండబెట్టడం

పని మొత్తంలో సగం ఇక్కడే ఉంది, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతున్నాను. ఇక్కడ పోయిన రంగు తర్వాత ఏం చేసినా తిరిగి రాదు.

బాగా పండి నల్లగా నిగనిగలాడే పండ్లు తీసుకోండి. ఎరుపు, గులాబీ చాయలున్న దోరపండ్లలో రంగు తక్కువ, వగరు ఎక్కువ. కింద పడి పగిలినవి వద్దు, పులిసిన వాసన మొత్తానికి పడుతుంది. కడిగి, తడి తుడిచి, గింజ చుట్టూ గుజ్జును తొక్కతో సహా స్టీలు కత్తితో కోయండి. తొక్క తీసేయకండి. రంగు దట్టంగా ఉండేది తొక్కలోనూ దాన్ని అంటుకున్న గుజ్జులోనూ. కిలో పండ్లకు సుమారు 700 గ్రాముల గుజ్జు, అది ఎండితే 100 గ్రాముల పైచిలుకు ముక్కలు వస్తాయి. పండు రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

కోసిన ముక్కలను నేరుగా ఆరబెట్టకండి. ముందు ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టాలి. నీళ్లు మరిగాక రేకుల మీద ముక్కలు పలుచగా పరచి, మూత పెట్టి, రెండు నిమిషాలు ఉంచి దించేయండి. కోసిన వంకాయ ముక్క నల్లబడటం చూశారు కదా. వంకాయలో ఆ పని చేసే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము నేరేడులోనూ ఉంటుంది. ఆరే రెండు మూడు రోజులూ అది మెల్లమెల్లగా రంగును తినేస్తుంది. ఆవిరి తగిలితే దాని పని ఆగిపోతుంది. మరిగే నీళ్లలో ముంచినా ఎంజైము ఆగుతుంది గానీ, రంగు సగం ఆ నీళ్లలోకే దిగిపోతుంది. ఆవిరే మేలు.

మొదటి ఏడాది నేను ఈ ఆవిరి సంగతి తెలియక, ముక్కలను డాబా మీద ఎర్రటి ఎండలో పోశాను. మిరపకాయలు, వడియాలు అలాగే ఎండుతాయి కదా అనుకున్నాను. మూడో రోజుకి ముక్కలు బాగానే ఎండాయి. నానబెడితే మాత్రం నీళ్లు పలుచటి టీ రంగులోకి వచ్చాయి. ఆరు కిలోల పండ్లు పోయాయి, చాలా బాధేసింది. ఎండలో ఉండే వెలుతురే ఆంథోసయనిన్లకు పెద్ద శత్రువు. అందుకని నీడలో, గాలి ఆడేచోట, స్టీలు పళ్లెంలో లేదా శుభ్రమైన చాటలో పరిచిన నూలు బట్ట మీద, ముక్కకూ ముక్కకూ సందు ఉండేలా ఆరబెట్టండి. పైన దోమతెర గుడ్డ కప్పి, దగ్గర్లో ఫ్యాను పెట్టండి. పూటకోసారి తిరగేయండి.

నేరేడు కాలం వచ్చేసరికి మబ్బులు కమ్ముతాయి, గాలిలో తేమ పెరుగుతుంది. రెండో రోజుకి కూడా ముక్క మీద తడి ఆరకపోతే బూజు పడుతుంది. అలాంటప్పుడు డీహైడ్రేటర్‌లో 50 నుంచి 55 డిగ్రీల మధ్య పెట్టండి. పది పన్నెండు గంటల తర్వాత ముక్కలు చూసుకుంటూ ఉండండి. ఓవెన్ వాడితే అతి తక్కువ వేడిలో, తలుపు కాస్త తెరిచి ఉంచండి. 60 డిగ్రీలు దాటనివ్వకండి.

ఎండిన ముక్క తోలులా వంగాలి. వేళ్ల మధ్య గట్టిగా నొక్కితే తడి అంటకూడదు. చల్లారాక గాజు సీసాలో మూడొంతులే నింపి మూత బిగించి, వారం రోజులు రోజూ ఒకసారి ఆడించి చూడండి. సీసా లోపలి గోడకు చెమట పట్టినట్టు కనిపిస్తే మళ్లీ ఆరబెట్టాలి. పట్టకపోతే అల్మారాలో చీకటిలో పెట్టేయండి. ఫ్రీజర్‌లో చోటుంటే ఇంకా మంచిది.

నేరేడు దొరకని వాళ్లు, అందులోనూ విదేశాల్లో ఉన్నవాళ్లు, కొట్లో అమ్మే ఎండు పండ్లతో చేయొచ్చా అని అడుగుతారు. చేయొచ్చు గానీ ప్యాకెట్ వెనక చదవండి. సల్ఫర్ డయాక్సైడ్, అంటే 220 నంబరు, కనబడితే వద్దు. అది ఆంథోసయనిన్ల రంగును వెలవెలబోయేలా చేస్తుంది. ఎండు క్రాన్‌బెర్రీలకు సాధారణంగా పంచదార పట్టించి, అంటుకోకుండా నూనె పూస్తారు. గోరువెచ్చని నీళ్లతో ఒక్కసారి కడిగి వాడుకోండి. నల్ల కిస్‌మిస్, ఖర్జూరం చూడటానికి నల్లగా ఉన్నా వాటి నలుపు చాలావరకు ఎండేటప్పుడు వచ్చిన గోధుమ రంగే. నానబెడితే మీకు ఎరుపు రాదు.

పొడి చేయడం

ఎండు నేరేడులో చక్కెర ఉంది, మిక్సీ వేడికి ముద్ద కడుతుంది. ముక్కలను అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, తీసిన వెంటనే చిన్న జార్‌లో ఆపి ఆపి తిప్పండి. గోధుమ రవ్వంత బరకగా చాలు. మెత్తటి పిండి చేస్తే రంగు త్వరగా దిగుతుందన్నది నిజమే, కానీ వడగట్టేటప్పుడు బట్ట రంధ్రాలన్నీ మూసుకుపోయి ప్రాణం విసుగెత్తుతుంది. ఒక్కసారికి సరిపడా పొడే చేసుకోండి. పొడికి గాలి తగిలే చోటు ఎక్కువ కాబట్టి నిల్వ ఉంచితే రంగు తగ్గుతుంది.

నీళ్లు, పులుపు

10 గ్రాముల పొడికి 100 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక గ్రాము నిమ్మ ఉప్పు. ఇదే కొలత. కిరాణా కొట్లో చిన్న ప్యాకెట్లలో దొరికే నిమ్మ ఉప్పే సిట్రిక్ ఆమ్లం. చిన్న టీ చెంచాలో పావు వంతు వేస్తే దాదాపు గ్రాము. నిమ్మ ఉప్పు లేకపోతే వడగట్టిన నిమ్మరసం 20 మిల్లీలీటర్లు, నీళ్లు 80. నిమ్మరసంలో ఆ ఆమ్లం సుమారు అయిదు శాతం ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది. చింతపండు వద్దు, దాని గోధుమ రంగు మన రంగును కప్పేస్తుంది. వెనిగర్ పని చేస్తుంది గానీ దాని వాసన షర్బత్‌లో దాగదు.

నీళ్ల విషయంలో రాజీ పడకండి. మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీళ్లు గట్టి నీళ్లు. వాటిలోని బైకార్బొనేట్లు మీరు వేసిన పులుపును కొంత మింగేస్తాయి, నీళ్లలో ఇనుము ఉంటే రంగు ముదిరి మబ్బుగా మారుతుంది. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే ఆ నీళ్లు, లేదంటే పట్టి ఉంచిన శుభ్రమైన వాన నీళ్లు కాచి చల్లార్చి వాడండి. గిన్నె గాజుదో స్టీలుదో కావాలి. ఇనుప మూకుడు, అల్యూమినియం గిన్నె, కళాయి పోయిన ఇత్తడి పాత్ర వద్దే వద్దు.

ల్యాబుల్లో నీళ్లకు బదులు పులుపు కలిపిన ఇథనాల్ వాడతారు, దానితో రంగు ఇంకా బాగా దిగుతుంది. అది చదివి కొందరు సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ లాంటివి వాడాలని చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వాటిలో తాగకూడని ఆల్కహాళ్లు ఉంటాయి, మిథనాల్ ఉంటే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పైగా పొయ్యి దగ్గర పెడితే అంటుకుంటాయి. ఇంటి అవసరానికి పుల్లటి నీళ్లు సరిపోతాయి.

నానబెట్టడం

నీళ్లలో నిమ్మ ఉప్పు కరిగించి, అందులో పొడి వేసి కలపండి. వేయగానే ముదురు ఎరుపు వస్తే పులుపు సరిపోయినట్టు. ఊదాగా, నీలంగా అనిపిస్తే ఇంకో చిటికెడు నిమ్మ ఉప్పు వేయండి.

ఇప్పుడు వేడి కావాలి, కానీ 50 డిగ్రీల దగ్గరే ఆగాలి. గోరువెచ్చటి నీళ్లలో రంగు త్వరగా దిగుతుంది, మరిగిస్తే దిగినది దిగినట్టే విరిగిపోతుంది. థర్మామీటర్ లేకపోయినా కంగారు లేదు. ఒక గ్లాసు మరిగే నీళ్లకు రెండు గ్లాసుల మామూలు కుళాయి నీళ్లు కలిపితే 50 దాటి కాస్త పైన ఉంటుంది. మన ఊళ్లలో కుళాయి నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. ఆ నీళ్లు పెద్ద గిన్నెలో పోసి, మన సీసాను అందులో నిలబెట్టండి. సీసా మీద గుడ్డ కప్పితే వెలుతురు తగలదు, వేడి నిలుస్తుంది. అరగంటకోసారి బయటి నీళ్లు మార్చండి. పది నిమిషాలకోసారి చెక్క గరిటెతో కలపండి. గంట చాలు.

తొందర లేని వాళ్లు వేడి అసలే లేకుండా, మూతపెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచవచ్చు. నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం. రంగు ఒక పాలు తక్కువ దిగినా స్వచ్ఛంగా ఉంటుంది, వగరు కూడా తక్కువ.

వడగట్టడం, రెండో నీళ్లు

ముందు టీ వడపోత జల్లెడ, తర్వాత నాలుగు మడతల తెల్లటి నూలు బట్ట. బట్టను తడిపి పిండి వాడండి, లేకపోతే మొదటి రంగంతా అదే తాగేస్తుంది. మరీ గట్టిగా పిండకండి, పిప్పిలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం దిగి రసం మబ్బుగా అవుతుంది.

వడగట్టిన పిప్పిని అప్పుడే పారేయకండి. 10 గ్రాముల పొడి పాతిక ముప్పై మిల్లీలీటర్ల రసాన్ని తనలోనే పట్టి ఉంచుకుంటుంది. అంటే మీ రంగులో పావు వంతుకు పైగా ఇంకా పిప్పిలోనే ఉంది. అదే పిప్పి మీద ఇంకో 50 మిల్లీలీటర్ల పుల్లటి నీళ్లు పోసి, అరగంట ఉంచి వడగడితే అందులో మిగిలేది పదో వంతే. మొదటిసారే 150 మిల్లీలీటర్లు పోయొచ్చు కదా అనిపిస్తుంది. అలా చేస్తే దాదాపు అయిదో వంతు పిప్పిలోనే మిగిలిపోతుంది. ఒకేసారి ఎక్కువ నీళ్లకంటే రెండుసార్లు కొంచెం కొంచెం నీళ్లే ఎక్కువ రంగు తెస్తాయి. చింతపండు పులుసు రెండుసార్లు తీసే వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండు రసాలూ కలిపి ఫ్రిజ్‌లో రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున మడ్డి దిగుతుంది. పైది నెమ్మదిగా వంచుకోండి. ఇంకా తేటగా కావాలంటే కాఫీ ఫిల్టర్ కాగితంలో పోయండి. చుక్కచుక్కగా దిగుతుంది, ఓపిక పట్టాలి.

ద్రాక్ష సారాయి తయారయ్యాక మిగిలిన ద్రాక్ష తొక్కల నుంచి ఇటలీలో 1879 నుంచీ ఇలాంటి రంగు తీసి అమ్ముతున్నారు, దాని పేరు ఎనోసయనినా. ఫుడ్ ప్యాకెట్ల మీద ఆంథోసయనిన్లకు ఇచ్చే నంబరు 163.

మీ చేతికి వచ్చింది ఆ రంగేనా?

నాలుగు చిన్న గాజు గ్లాసుల్లో తలా పావు గ్లాసు ఆర్‌ఓ నీళ్లు పోసి, ఒక్కోదానిలో అర చెంచా రసం వేయండి. మొదటి దానిలో ఇంకొంచెం నిమ్మరసం పిండండి. రెండోది అలాగే ఉంచండి. మూడోదానిలో చిటికెడు వంట సోడా, నాలుగోదానిలో కిళ్లీ సున్నం తేరిన నీళ్లు నాలుగు చుక్కలు వేయండి. మొదటిది నిండు ఎరుపు, రెండోది లేత గులాబీ, మూడోది నీలం కలిసిన ఊదాగా మారి మెల్లగా ఆకుపచ్చ వైపు జరుగుతుంది. నాలుగోది ఆకుపచ్చ అయి కాసేపటికి పసుపు గోధుమలోకి దిగిపోతుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. 1664లో రాబర్ట్ బాయిల్ వయొలెట్ పూల పానకంతో ఇలాంటి మార్పునే చూసి రాసిపెట్టాడు. సున్నం కళ్లలో పడకుండా ఆ గ్లాసు మాత్రం మీరే పట్టుకోండి.

ఇదే పరీక్ష బజారు సరుక్కీ పనికొస్తుంది. నేరేడు షర్బత్ అని కొన్నదానిలో వంట సోడా వేసినా రంగు కొంచెం కూడా మారకపోతే, ఆ ఎరుపు నేరేడుది కాదు.

చిక్కబరచడం

అందరూ చేసే తప్పు రసాన్ని పొయ్యి మీద పెట్టి ఇగరబెట్టడం. అరగంటలో చిక్కబడుతుంది, ఎర్రదనం పోతుంది. పొయ్యి లేకుండా చిక్కబరిచే మార్గం మీ ఫ్రిజ్‌లోనే ఉంది.

ప్లాస్టిక్ సీసాలో మూడొంతులు రసం పోసి ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టండి. గాజు సీసా వద్దు, పగులుతుంది. పొద్దున్నే మూత తీసి, సీసాను ఒక గ్లాసు మీద బోర్లించి, ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. నీళ్లు గడ్డకట్టేటప్పుడు రంగు, చక్కెర, పులుపు స్ఫటికాల సందుల్లోకి నెట్టబడతాయి. కరిగేటప్పుడు ముందుగా జారేది ఆ చిక్కటి భాగమే. మూడో వంతు దిగేసరికి గ్లాసులో దాదాపు నలుపు కనిపించే ఎరుపు ఉంటుంది, సీసాలో లేత గులాబీ మంచు మిగులుతుంది. అక్కడ ఆపేయండి. ఆ మంచును పారబోయకుండా తర్వాతి విడత నానబెట్టే నీళ్లలో కలిపేసుకోండి. చిక్కటి భాగాన్ని మళ్లీ ఒకసారి ఇలాగే చేస్తే ఇంకా చిక్కబడుతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

పొడి రూపంలో కావాలంటే, నాలుగు చెంచాల మెత్తటి పంచదార పొడిలో ఒక చెంచా చిక్కటి రసం కలిపి, పళ్లెంలో పలుచగా రాసి, ఫ్యాను కింద చీకటి గదిలో ఆరబెట్టి మళ్లీ పొడి కొట్టండి. పెద్ద కంపెనీలు చక్కెరకు బదులు మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపి వేడి గాలిలో తుంపరగా చిమ్మి పొడి చేస్తాయి.

నిల్వ

ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, ముక్కలను జిప్ కవర్‌లో వేసి, మీద తేదీ రాసి ఫ్రీజర్‌లో ఉంచండి. నెలల తరబడి రంగు నిలుస్తుంది. ఫ్రిజ్‌లో ద్రవంగానే ఉంచితే ముదురు రంగు సీసాలో, మెడ దాకా నింపి, వారంలో వాడేయండి. బుడగలు, పులిసిన వాసన, బూజు, వీటిలో ఏది కనబడినా పారబోయండి, రుచి చూడొద్దు. నలుగురికీ అమ్మాలనుకుంటే మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, ల్యాబ్ పరీక్ష చేయించాలి.

యాంటీఆక్సిడెంటు ఎంతుందో ఇంట్లో చూడొచ్చా?

అంకె చెప్పలేం, పోల్చి చూడగలం. అన్నం వార్చిన గంజి చల్లారాక ఒక చెంచా తీసి గ్లాసుడు నీళ్లలో కలపండి. మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ ద్రావణం రెండు చుక్కలు వేయండి, నల్లటి నీలం వస్తుంది. ఇప్పుడు మీ రసాన్ని పది రెట్లు నీళ్లతో పలుచన చేసి, డ్రాపర్‌తో చుక్కచుక్కగా వేస్తూ కలపండి. నీలం పోయి లేత గులాబీ మిగిలే వరకు ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టండి. నీడలో ఎండినదానికీ ఎండలో ఎండినదానికీ, ఈ రోజు రసానికీ నెల నాటి రసానికీ తేడా చూడండి. తక్కువ చుక్కలు పడితే శక్తి ఎక్కువ ఉన్నట్టు.

ఇందులో రెండు చోట్ల మోసపోతారు. రసాన్ని నిమ్మరసంతో తీసి ఉంటే అందులోని సి విటమినే నీలాన్ని పోగొడుతుంది, ఘనత నేరేడుకు దక్కుతుంది. ఈ పరీక్ష కోసం తీసే రసానికి నిమ్మ ఉప్పే వాడండి. రెండోది, ఉత్త నిమ్మ ఉప్పు నీళ్లతో కూడా ఒకసారి చేసి, నీలం పోవడం లేదని నిర్ధారించుకోండి. వంకాయ ముక్కకు రసం పూసి, నల్లబడలేదు చూడండి అని చూపించే వీడియోల్లో లోపం ఇదే. పులుపు ఒక్కటే చాలు వంకాయ నల్లబడకుండా ఆపడానికి. పరీక్ష అయ్యాక గ్లాసులోది పారబోయండి, తాగకూడదు.

ల్యాబుల్లో దీనికి ఫోలిన్ సియోకాల్టూ ద్రావణం వాడతారు. పాలీఫినాళ్లు, అంటే ఆంథోసయనిన్లు, టానిన్ల లాంటివి, ఎక్కువుంటే మాలిబ్డినం అనే లోహం ఇచ్చే నీలం రంగు చిక్కగా వస్తుంది, ఆ చిక్కదనాన్ని యంత్రంతో కొలుస్తారు. ఆ పేరులోని ఫోలిన్ ఒక శాస్త్రవేత్త, భీమవరంలో పుట్టిన మన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో పనిచేసిన విభాగానికి అధిపతి. 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారు ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కూడా మాలిబ్డినం నీలం మీదే నడుస్తుంది. రంగును చూసి పదార్థాన్ని లెక్కగట్టడంలో మనవాడొకరు ప్రపంచానికి దారి చూపించారని చెబుతుంటే నాకు గర్వంగా ఉంటుంది, పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఇంకో మాట కూడా అంతే శ్రద్ధగా వినండి. గ్లాసులో నీలాన్ని పోగొట్టింది కాబట్టి ఒంట్లో రోగాన్నీ పోగొడుతుందని అనుకోవద్దు. ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంటు శక్తిని ఓఆర్‌ఏసీ అనే అంకెలతో చూపించే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. పరీక్ష నాళికలో వచ్చిన ఆ అంకెలకు మనిషి ఆరోగ్యంతో సంబంధం కనబడలేదని కారణం చెప్పింది. మనం తిన్న ఆంథోసయనిన్లలో ఉన్నవి ఉన్నట్టు రక్తంలోకి చేరేది కొంచెమే. నేరేడు అనగానే షుగరుకు మంచిదని మాత్రలు మానేసే వాళ్లున్నారు. మాత్రలు మానకండి. ఈ రసాన్ని మంచి ఆహారపు రంగుగానే వాడుకోండి.

దేనిలో వేయాలి, దేనిలో వేయకూడదు

పుల్లటివాటిలో మెరుస్తుంది: నిమ్మ షర్బత్, పుల్లటి జెల్లీ, పుల్ల ఐసు, సోడా. మజ్జిగలో, పెరుగులో లేత ఊదా వస్తుంది, అదీ అందంగానే ఉంటుంది. పాలలో వేస్తే బూడిద చాయ వస్తుంది, పులుపు ఎక్కువైతే విరుగుతాయి. వంట సోడా పడే కేకులో వేయకండి, పచ్చటి బూడిద రంగు వచ్చి తినబుద్ధి కాదు. వేడి వంటకమైతే పొయ్యి కట్టేసి, చల్లబడ్డాక కలపండి. కొబ్బరి లడ్డు మీద రంగు పంచదార దొర్లిస్తే చాలా బాగుంటుంది.

ఈ పద్ధతి కుదరని పండ్లు

ఎర్ర గుజ్జు డ్రాగన్ ఫ్రూట్‌ను ఎండబెడితే అందులో ఉండేవి బీటాలయిన్లు, బీట్‌రూట్ రంగు లాంటివి. వాటికి ఇంత పులుపు అక్కర్లేదు, రెండు చుక్కల నిమ్మరసం చాలు, వేడి అసలే తగలకూడదు. ఎండు టమాటాలోని లైకోపీన్ నీళ్లలో కరగదు. వరుగును పొడి చేసి నూనెలో సన్నటి సెగ మీద పావుగంట వేడి చేసి వడగడితే ఎర్ర నూనె వస్తుంది.

కరక్కాయ, ఎండిన దానిమ్మ తొక్క సంగతి పూర్తిగా వేరు. వీటిలో ఉండేవి టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు. ఇవీ యాంటీఆక్సిడెంట్లే, కానీ నేరేడు రంగులా సుకుమారం కావు. గింజ తీసిన కరక్కాయ పెచ్చులు దంచి, పదింతల నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున్నే అరగంట మరిగించి వడగట్టండి. లేత పసుపు కషాయం వస్తుంది. పెడనలో, శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టకు ముందుగా పట్టించేది ఈ కరక్కాయ నీళ్లే, అందులో పాలు కలుపుతారు. ఆ బట్ట మీద బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము పులియబెట్టిన ద్రావణంతో గీస్తే గీత నల్లబడుతుంది. టానిన్, ఇనుము కలిసిన నలుపు అది. నేరేడు రసానికి ఇనుప మూకుడు వద్దని నేను అంతలా చెప్పింది కూడా ఇనుము ఇలా పట్టుకుంటుందనే.

చూడాలనిపిస్తే, కరక్కాయ కషాయం అర గ్లాసులో తుప్పు పట్టిన మేకు ఒకటి వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి సిరా లాంటి నలుపు ఉంటుంది. పుల్లతో ముంచి కాగితం మీద రాసి చూసుకోవచ్చు. ఆ గ్లాసును మాత్రం మళ్లీ తాగడానికి వాడకండి.